పొగమంచులో బండి నడిపే ముందు: ఆటో, క్యాబ్ డ్రైవర్లకు చలికాలం జాగ్రత్తలు

ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ నడుపుతూ ప్రభుత్వ ఆర్థిక సాయం అందుకుంటున్న డ్రైవర్ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు

తెల్లవారుజామున 4 గంటలకు ఫోన్ మోగుతుంది. రైలుకి వెళ్లాల్సిన కుటుంబం. మీరు బండి తీసి బయటికొచ్చేసరికి వీధి చివరి స్తంభం కనిపించదు. అంతా తెల్లగా మంచు. బేరం వదులుకుంటే రోజు మొదట్లోనే మూడొందలు పోతాయి. వెళ్తే మీ వెనక నలుగురు కూర్చుంటారు.

వెళ్లొద్దని చెప్పడానికి ఈ కాగితం రాయలేదు. వెళ్లే ముందు ఏం చూసుకోవాలి, ఎంత వేగంతో వెళ్లాలి, మంచు మరీ ఎక్కువైతే ఎక్కడ ఆగాలి, జరగరానిది జరిగితే మీ కుటుంబానికి, ప్రయాణికులకు ఏ సాయం వస్తుంది అన్నవి ఒకచోట చెప్పడానికి రాశాం. ఒకసారి మొత్తం చదవండి. ఫోన్‌లో దాచుకోండి. మీ స్టాండు గ్రూపులో పెట్టండి. చదవడం రాని వాళ్లుంటే చదివి వినిపించండి.

ఇది ఎవరికి?

ఆంధ్రప్రదేశ్‌లో 2025 అక్టోబర్ 4న మొదలైన ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద సొంత బండి నడుపుకునే ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆ డబ్బు అందుకున్నవారి కోసం ముఖ్యంగా ఇది. అయితే ఇందులో చెప్పిన జాగ్రత్తలు పథకంలో లేనివాళ్లకు, అద్దెకు బండి తీసుకుని నడిపేవాళ్లకు కూడా అంతే పనికొస్తాయి.

మంచు ఎప్పుడు, ఎక్కడ ఎక్కువ?

మన దగ్గర పొగమంచు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఎక్కువ. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే నేల త్వరగా చల్లబడుతుంది. నేలకి ఆనుకుని ఉన్న గాలిలోని తేమ చిన్న చిన్న చుక్కలుగా మారి గాలిలోనే నిలబడుతుంది. అదే పొగమంచు. సాధారణంగా తెల్లవారుజామున 3 గంటల తరవాత చిక్కబడి, ఎండ ఎక్కాక 8, 9 గంటలకి విడిపోతుంది.

నీళ్లున్న చోట తేమ ఎక్కువ కాబట్టి మంచు కూడా ఎక్కువ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ గట్లు, చేపల చెరువుల మధ్య రోడ్లు, కొల్లేరు చుట్టుపక్కల, నది మీద వంతెనలు ఇలాంటి చోట్లే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు వైపు చలికాలమంతా మంచే.

ఇంకో మాట. మంచు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఊళ్లో రోడ్డు బాగా కనిపిస్తుంది. ఊరు దాటి కాలువ దగ్గరికి రాగానే ఒక్కసారిగా గోడ కట్టినట్టు అడ్డొస్తుంది. వంతెనకి, చెరువుకి, పల్లపు రోడ్డుకి ముందే వేగం తగ్గించుకోవాలి. మంచులోకి వెళ్లాక బ్రేక్ కొట్టడం కాదు, వెళ్లకముందే తగ్గాలి.

ఎంత వేగం? గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే లెక్క

“నెమ్మదిగా వెళ్లండి” అని అందరూ చెబుతారు. నెమ్మది అంటే ఎంత? దానికి ఒక లెక్క ఉంది.

మీ కంటికి రోడ్డు ఎంత దూరం కనిపిస్తోందో, అందులో సగం దూరంలో బండి పూర్తిగా ఆగగలగాలి.

సగమే ఎందుకు? డివైడర్ లేని రోడ్డు మీద ఎదుటి నుంచి కూడా బండి వస్తుంది. అది ఓవర్‌టేక్ చేస్తూ మీ వైపుకే రావచ్చు. కనిపిస్తున్న దూరంలో సగం మీది, సగం అతనిది.

బండి ఎంత దూరంలో ఆగుతుందో చూద్దాం. అడ్డు కనిపించాక కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ ఒకటిన్నర సెకను బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. ఆ తరవాత బ్రేక్ పట్టి ఆగడానికి ఇంకొంత దూరం. మంచుకి తడిసిన రోడ్డు మీద మంచి బ్రేకులున్న బండికి రెండూ కలిపి ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

• గంటకు 20 కిలోమీటర్ల వేగం: సుమారు 12 మీటర్లు
• గంటకు 30 కిలోమీటర్ల వేగం: సుమారు 20 మీటర్లు
• గంటకు 40 కిలోమీటర్ల వేగం: సుమారు 30 మీటర్లు
• గంటకు 60 కిలోమీటర్ల వేగం: సుమారు 53 మీటర్లు

టైర్లు అరిగినా, బ్రేక్ షూలు పాతబడినా, బండిలో జనం ఎక్కువున్నా ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

మరి కనిపించే దూరం ఎలా తెలుస్తుంది? కరెంటు స్తంభాలు చూడండి. ఊళ్లలో ఒక స్తంభానికి, ఇంకో స్తంభానికి మధ్య సుమారు 40 నుంచి 50 మీటర్లు ఉంటుంది. మీరు ఒక స్తంభం పక్కనుంచి వెళ్తున్నప్పుడు తరవాతి స్తంభం మాత్రమే కనిపిస్తోందనుకోండి. అంటే మీకు కనిపించేది 40 మీటర్లు. అందులో సగం 20. కాబట్టి వేగం 30 దాటకూడదు. తరవాతి స్తంభం కూడా కనిపించకపోతే 20 లోపే. అసలు బండి ముందు రోడ్డు అంచు కూడా తెలియకపోతే ఇక నడపడం కాదు, సురక్షితమైన చోటు చూసుకుని ఆగడమే.

“ఇంత నిదానంగా వెళ్తే బేరం ఏమవుతుంది?” అని మీకు అనిపించవచ్చు. 10 కిలోమీటర్ల దూరం 40 వేగంతో వెళ్తే 15 నిమిషాలు. 25 వేగంతో వెళ్తే 24 నిమిషాలు. తేడా 9 నిమిషాలు. ఆ 9 నిమిషాల కోసమే ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకుంటున్నాం. రైలు బేరం ఉంటే ముందురోజు రాత్రే చెప్పండి: “అమ్మా, పొద్దున్నే మంచు ఉంటుంది, అరగంట ముందు బయల్దేరదాం.” ఎవరూ కాదనరు.

లైట్లు: బ్రైట్ వద్దు, డిమ్ చాలు

మంచులో చాలామంది చేసే పొరపాటు హెడ్‌లైట్ బ్రైట్‌లో పెట్టడం. బ్రైట్ కాంతి పైకి వెళ్తుంది. ఎదురుగా ఉన్న మంచు చుక్కలకి తగిలి మళ్లీ మీ కళ్లలోకే వస్తుంది. తెల్లటి తెర కట్టినట్టు అవుతుంది. డిమ్‌లో పెడితే కాంతి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. అందుకే మంచులో ఎప్పుడూ డిమ్మే. కారుకి ఫాగ్ ల్యాంపులుంటే అవి కూడా వేయండి.

వెనక లైటు మీ కోసం కాదు, మీ వెనక వచ్చేవాడి కోసం. చాలా ఆటోలకి ముందు లైటు బాగుంటుంది, వెనక లైటు ఒకటి కాలిపోయి ఉంటుంది. ఒక్క లైటే వెలిగితే వెనకవాడు దాన్ని మోటార్ సైకిల్ అనుకుంటాడు. పక్కనుంచి పోదామని వస్తాడు. ఆటో వెడల్పు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రెండు వైపులా లైట్లు వెలుగుతున్నాయో లేదో ప్రతి సాయంత్రం చూసుకోండి.

లైటు పోయినా పనిచేసేది రిఫ్లెక్టివ్ టేపు. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కల పసుపు. టేపు మీద దుమ్ము, మట్టి ఉంటే మెరవదు. రోజూ తడిగుడ్డతో తుడవండి.

బండి నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసి వెళ్లకండి. అలా వేస్తే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు, ఆగి ఉన్నారనుకోవచ్చు. నాలుగు ఇండికేటర్లు బండి ఆపినప్పుడే.

ముందు వెళ్తున్న లారీ వెనక లైట్లు చూసుకుంటూ దాన్నే పట్టుకుని వెళ్లే అలవాటు కొందరికి ఉంది. అది దారి చూపిస్తున్నట్టే ఉంటుంది. కానీ లారీ దేనికైనా గుద్దుకుని ఠక్కున ఆగితే, మీరు బ్రేక్ తొక్కేలోపే దాని కిందికి వెళ్తారు. దూరం ఉంచండి. దారికి గుర్తుగా రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీతను చూసుకోండి. మధ్య గీతను చూస్తూ వెళ్లొద్దు, ఎదుటివాడు కూడా దాన్నే చూస్తూ వస్తుంటాడు.

లోపల అద్దం మసకబారితే

చలికి ఆటో పక్క పరదాలు దించేస్తాం. లోపల నలుగురి ఊపిరి. ఐదు నిమిషాల్లో ముందు అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది. బయట మంచు, లోపల ఆవిరి. చేత్తో తుడిస్తే జిడ్డు అంటుకుని ఎదురు లైటు పడినప్పుడు ఇంకా మసకగా కనిపిస్తుంది.

ఆటోలో అయితే మీ కుడివైపు పరదా కొంచెం తెరిచే ఉంచండి, గాలి ఆడుతుంది. పొడి నూలు గుడ్డ ఒకటి చేతికి అందేలా పెట్టుకోండి. కారులో అయితే గాలిని అద్దం మీదికి తిప్పి ఏసీ వేయండి, బయటి గాలి లోపలికొచ్చేలా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది. అద్దం తేటపడే వరకు బండి కదలనివ్వకండి.

రోడ్డు మీద ఏముంటుందో ముందే ఊహించుకోండి

చలికాలం అంటే మనకి కోతల కాలం, సంక్రాంతి కాలం. అందుకే ఈ రోజుల్లో రోడ్డు మీద వేరే రోజుల్లో లేనివి కూడా ఉంటాయి.

ధాన్యం: సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాత్రికి బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. మంచులో నల్ల బరకం రోడ్డులాగే కనిపిస్తుంది. ఆ రాయి మీదికి ఆటో ముందు చక్రం ఎక్కితే బండి బోల్తా పడుతుంది. మీ రూట్‌లో ఎక్కడెక్కడ ఆరబోస్తున్నారో పగలే చూసి పెట్టుకోండి. అందులో మీ వాళ్లవి ఉంటే రాత్రికి తీసేయమని, కుదరకపోతే మెరిసే టేపు అంటించిన డబ్బాలైనా చుట్టూ పెట్టమని చెప్పండి.

ట్రాక్టర్లు, చెరకు బండ్లు: ట్రాక్టర్ ట్రక్కు వెనక చాలావాటికి లైటు ఉండదు. గడ్డి లోడు పక్కలకి పొడుచుకొస్తుంది. ఎదురుగా ఒకే లైటు కనిపిస్తే అది బైక్ అనుకోకండి, ఒక లైటు పోయిన ట్రాక్టర్ కూడా కావచ్చు.

ఆగి ఉన్న లారీలు: డాబాల దగ్గర, పెట్రోలు బంకుల దగ్గర, టోల్‌గేట్లకు ముందు రోడ్డు అంచునే నిలిపేస్తారు.

మనుషులు, పశువులు: పాలు పోయడానికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు, పొద్దున్నే నడిచేవాళ్లు, పనికి వెళ్లే కూలీలు, మాల వేసుకుని నడిచివెళ్లే స్వాములు. నల్ల బట్టలు, ముదురు శాలువాలు మంచులో కనిపించవు. ఊరు వస్తోందంటే హారన్ చిన్నగా కొడుతూ వెళ్లండి. మీ అద్దం కొంచెం దించి ఉంచితే ఎదుటి హారన్ మీకూ వినిపిస్తుంది. చెవులు పూర్తిగా మూసేలా మఫ్లర్ బిగించుకోవద్దు.

కాలువ గట్టు రోడ్డు: ఒకవైపు కాలువ, ఒకవైపు పొలం, మధ్యలో గోడ గానీ రెయిలింగ్ గానీ ఉండదు. మలుపు తెలియక నేరుగా నీళ్లలోకి పోయే ప్రమాదం ఉంది. మంచు చిక్కగా ఉన్న రోజు నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా మెయిన్ రోడ్డులోనే వెళ్లండి.

ఘాట్ రోడ్డు మీద

లంబసింగి, వంజంగి, అరకు సీజన్‌లో తెల్లారకముందే టూరిస్టులను పైకి తీసుకెళ్లాలని తొందర ఉంటుంది. ఘాట్‌లో మూడు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగండి. న్యూట్రల్ చేయడం, డీజిల్ ఆదా అని ఇంజన్ ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తాయి. ఇంజన్ ఆగితే కారుకి, జీపుకి బ్రేక్ గట్టిపడిపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది.

రెండు, ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికే దారి ఇవ్వాలి. మీరు దిగుతుంటే ఆగండి.

మూడు, మలుపుల దగ్గర మంచుకి తడిసిన ఆకులు సబ్బులా జారతాయి. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేక్ కొట్టకుండా తిరగండి.

ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపాలి?

మంచు మరీ చిక్కబడితే ఆగడమే తెలివైన పని. కానీ రోడ్డు మీద ఆగకూడదు. పెట్రోలు బంకు, టీ కొట్టు, బస్టాపు, గుడి ముందు ఖాళీ స్థలం ఏదైనా సరే, రోడ్డు నుంచి పూర్తిగా కిందికి దిగాలి. ఆపాక నాలుగు ఇండికేటర్లు వేయండి. అక్కడి నుంచి మళ్లీ బయల్దేరేటప్పుడు కూడా వెనక బండ్ల శబ్దం విని, నెమ్మదిగా ఎక్కండి.

బండి చెడిపోయి రోడ్డు మీదే ఆగిపోతే ముందు ప్రయాణికులను దించండి. లోపల కూర్చోనివ్వకండి, బండి వెనక నిలబడనివ్వకండి. రోడ్డుకి దూరంగా, వీలైతే రెయిలింగ్ అవతల నిలబెట్టండి. తరవాత మీరు రోడ్డు పక్కనుంచే నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, కనీసం 50 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టండి. అది లేకపోతే చెట్టు కొమ్మలైనా వేయండి. రాళ్లు పెట్టకండి. పెట్టి తీయడం మరిచిపోయిన రాళ్లే తరవాత ఇంకొకరిని పడగొడతాయి. జాతీయ రహదారి మీద అయితే 1033కి ఫోన్ చేయండి, రోడ్డు సిబ్బంది వస్తారు.

నిద్ర, చలి, పొగ

తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య ఒంటికి నిద్ర బాగా కావాలి. నవంబర్ నుంచి జనవరి దాకా శబరిమల ట్రిప్పులు, పండక్కి ఊళ్లకి వెళ్లే ట్రిప్పులు వరుసగా ఉంటాయి. రెండు రాత్రులు వరుసగా బండి నడిపి మూడో రాత్రి కూడా ఒప్పుకోవద్దు. దూరం ట్రిప్పుకి రెండో డ్రైవర్‌ని మాట్లాడుకోండి. ఆ ఖర్చు ముందే కిరాయిలో కలిపి చెప్పండి. ఆవలింతలు ఆగకపోవడం, కిలోమీటరు రాయి ఎప్పుడు దాటిందో గుర్తులేకపోవడం, బండి పక్కకి లాగడం, ఇవన్నీ నిద్ర ముంచుకొస్తోందనడానికి గుర్తులు. టీతో సరిపెట్టుకోవద్దు. బండి పక్కన పెట్టి 20 నిమిషాలు పడుకోండి.

అయితే పడుకునేటప్పుడు ఒక పెద్ద జాగ్రత్త. కారు అద్దాలన్నీ మూసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఏసీ గానీ హీటర్ గానీ వేసుకుని నిద్రపోవద్దు. సైలెన్సర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మూసిన బండిలో, మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. ఇంజన్ ఆపి, అద్దం కొంచెం దించి, దుప్పటి కప్పుకుని పడుకోండి.

ఆటోలో చలికి చేతివేళ్లు కొయ్యబారితే బ్రేక్, క్లచ్ సరిగ్గా అందవు. పలచటి గ్లౌజులు వేసుకోండి.

15,000 రూపాయల్లో ముందు దేనికి?

ఈ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్నది మీ ఇష్టం. ఇంట్లో ఎన్నో అవసరాలుంటాయి, ఫైనాన్స్ కిస్తీ ఉంటుంది. కానీ బండి నడిస్తేనే ఇల్లు నడుస్తుంది. అందుకని చలికాలానికి ముందు ఈ వరుసలో ఆలోచించండి:

1. ఇన్సూరెన్స్ గడువు దగ్గర పడితే ముందు అది.
2. బ్రేక్ షూలు, బ్రేక్ ఆయిల్.
3. అరిగిపోయిన టైర్లు. ముందుగా ఆటో ముందు చక్రం.
4. వెనక లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టివ్ టేపు, వైపర్ బ్లేడు. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయిపోయేవి ఇవే, అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యం చేసేవీ ఇవే.
5. బ్యాటరీ. చలికి పాత బ్యాటరీ పొద్దున్నే మొరాయిస్తుంది.
6. ఎఫ్‌సీ. కొత్త బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా చేయించాలి.

టైర్లలో గాలి చలికి తగ్గుతుంది. వారానికోసారి, బండి ఇంకా తిరగకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి.

మీ కాగితాలు మీ కుటుంబానికి ఏమిస్తాయి?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. జాగ్రత్తగా చదవండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది మీ బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివాళ్లకు పరిహారం ఇస్తుంది. మీ ప్రయాణికులకు కూడా వర్తించేలా పాలసీ ఉందో లేదో చూసుకోండి. కానీ బండి ఓనరు, డ్రైవరు మీరే అయినప్పుడు ఆ థర్డ్ పార్టీ మీకు వర్తించదు. మీ కోసం ఉండేది ‘ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్’ కవర్. అది 15 లక్షల రూపాయలది. పాలసీ కాగితంలో ఆ పేరుతో ప్రీమియం లైను ఉందో లేదో చూడండి. తక్కువలో చేయిస్తామని చెప్పి కొన్నిసార్లు ఆ లైను తీసేస్తారు. లేకపోతే వెంటనే చేర్పించుకోండి. ఈ కవర్ పనిచేయాలంటే మీ లైసెన్సు అమల్లో ఉండాలి, బండి ఆర్‌సీ మీ పేరునే ఉండాలి. బండి కొని ఇంకా పాత ఓనరు పేరునే ఉంచితే ఈ డబ్బు మీ ఇంటివాళ్లకు రాదు.

పాలసీలో ఎంతమంది అని రాసి ఉంటే అంతమంది ప్రయాణికుల వరకే కంపెనీ బాధ్యత. ఎక్కువమందిని ఎక్కించుకుంటే ఆ భారం మీ మీద పడుతుంది. లైసెన్సు లేకుండానో, పర్మిట్ లేకుండానో ప్రమాదం జరిగితే, కంపెనీ బాధితులకు కట్టి ఆ డబ్బు మీ దగ్గర రాబట్టుకునే వీలుంది. అలాంటి కేసుల్లో ఇల్లు, బండి అమ్ముకోవాల్సి వస్తుంది.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఇంకోటి. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా చేరొచ్చు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు. ఏటా జూన్ 1 నుంచి మే 31 వరకు వర్తిస్తుంది. మే నెలాఖరులో మీ ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి. ఇంట్లో భార్యకి, భర్తకి ఈ పాలసీల సంగతి చెప్పి, కాగితాలు ఎక్కడున్నాయో చూపించండి. తెలియకపోతే అడగరు, అడగకపోతే రాదు.

ప్రమాదం జరిగితే

• ముందు 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మంచులో మీరు ఎక్కడున్నారో చెప్పడం కష్టం. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద నంబరు, వంతెన పేరు, ఊరి పేరు చెప్పండి.
• దెబ్బతిన్నవాళ్లను రోడ్డు మీద నుంచి పక్కకి తేవాలి. వెనక నుంచి ఇంకో బండి వచ్చి పడే ప్రమాదం ఉంది.
• భయపడి బండి వదిలి పారిపోకండి. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడడం, పోలీసులకు, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయడం చట్టప్రకారం డ్రైవర్ బాధ్యత. జనం కోపంతో ఉంటే 112కి చెప్పి నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.
• కేంద్ర ప్రభుత్వం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల వరకు, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చికిత్స అందుతుంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఇది రోడ్డు ప్రమాదం కేసు అని చెప్పండి.
• గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు పరిహారం వస్తుంది. పోలీసు కేసు నమోదు చేయించడం మరవొద్దు.

దారిలో వేరేవాళ్లకి ప్రమాదం జరిగితే చూసీ చూడనట్టు వెళ్లకండి. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ ప్రకారం సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలోపు ఆసుపత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి ‘రాహ్‌వీర్’ పథకం కింద 25,000 రూపాయల బహుమతి కూడా ఉంది. రోడ్డు మీద అందరికంటే ముందు కనిపించేది ఆటోవాళ్లే. ఎంతోమందిని ఆసుపత్రికి చేర్చింది మీ బండ్లే.

డ్రైవర్లు అడిగే ప్రశ్నలు

స్కూలు పిల్లల్ని తీసుకెళ్లాలి, టైముకి వెళ్లకపోతే గేటు మూసేస్తారు. ఏం చేయాలి?
మంచు రోజుల్లో ఆలస్యం అవుతుందని సీజన్ మొదట్లోనే తల్లిదండ్రులతో, స్కూలువాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. మీ రూట్‌లో డ్రైవర్లందరూ కలిసి వెళ్లి చెబితే వింటారు. డ్రైవర్ సీటు పక్కన మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.

పసుపు కాగితం హెడ్‌లైట్‌కి అంటిస్తే మంచులో బాగా కనిపిస్తుందా?
కాగితం అంటిస్తే వెలుగు తగ్గుతుంది, అంతే. లైటు అద్దం శుభ్రంగా తుడిచి, డిమ్‌లో వాలు సరిగ్గా ఉందో మెకానిక్‌కి చూపించుకోండి. అదే ఎక్కువ మేలు.

ఎక్కువ వెలుగొచ్చే ఎల్‌ఈడీ బల్బులు వేయించుకోవచ్చా?
బండికి కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ పవర్ బల్బులు వేస్తే మంచులో మీకే ఎదురు కొడుతుంది. ఎదుటివాడి కళ్లు కూడా చెదిరిపోతాయి.

బయల్దేరే ముందు 2 నిమిషాలు

□ ముందు అద్దం, పక్క అద్దాలు బయటా లోపలా తుడిచాను
□ డిమ్, వెనక లైట్లు రెండూ, ఇండికేటర్లు నాలుగూ వెలుగుతున్నాయి
□ రిఫ్లెక్టివ్ టేపు తుడిచాను
□ బ్రేక్ ఒకసారి పట్టి చూశాను
□ టైర్లలో గాలి సరిపడా ఉంది
□ పొడి గుడ్డ, టార్చిలైటు, త్రికోణం బండిలో ఉన్నాయి
□ ఫోన్ చార్జింగ్ ఉంది
□ రాత్రి సరిపడా నిద్రపోయాను

చివరి గడిలో టిక్ పెట్టలేకపోతే ఆ బేరం మీ పక్క స్టాండు తమ్ముడికి ఇచ్చేయండి. రేపు అతను మీకు ఇస్తాడు. మంచు ఎండ రాగానే పోతుంది. అంతవరకు స్తంభాలు చూసుకుంటూ, కనిపించిన దూరంలో సగంలో ఆగగలిగే వేగంతో వెళ్లండి.